ట్యాంకు కింద కారుతోంది, మౌత్‌పీస్‌లో తడి చేరుతోంది: రింగులు, గాడులు, డ్రిప్ టిప్ డిజైన్ మీద చర్చ

గీతలపుస్తకం

అందరికీ నమస్కారం. బ్రిటన్‌లో అమ్మే, మళ్లీ మళ్లీ నింపుకునే ఈ-సిగరెట్ ట్యాంకు ఒకటి డ్రాయింగ్ దశ దాటి నమూనాల దాకా వచ్చింది. కారడం మాత్రం ఆగడం లేదు. వివరాలు ఇస్తున్నాను, తప్పు ఎక్కడుందో చెప్పండి.

బయటి వ్యాసం 22 మి.మీ., పట్టేది 2 మి.లీ., బోరోసిలికేట్ గాజు గొట్టం. మూత పైన ఉంటుంది, మరతో తెరుచుకుంటుంది. గాలి కింది రంధ్రాల్లోంచి వస్తుంది. మౌత్‌పీస్ (డ్రిప్ టిప్) 510 అనే కొలత రకం, పీఓఎం అనే గట్టి ప్లాస్టిక్, లోపలి రంధ్రం 4 మి.మీ. టిప్ మీద రెండు ఓ-రింగులు, ఆవిరి పైకి వెళ్లే నడిమి గొట్టం, అంటే చిమ్నీ, పై కొస మూతలోకి దూరే చోట ఒకటి. మూడూ 1 మి.మీ. మందం, నైట్రైల్ రబ్బరు, గట్టిదనం షోర్ ఏ 70. రింగు కూర్చునే చోటు లోతు 0.78 మి.మీ., గాడి వెడల్పు 1.3 మి.మీ. గాజుకు పైనా కిందా 1 మి.మీ. మందం చదును సిలికోన్ వాషర్లు. ద్రవం ప్రొపిలీన్ గ్లైకాల్ (పీజీ), గ్లిజరిన్ (వీజీ) చెరిసగం.

నింపి మూత బిగించిన కాసేపటికే కింది గాలి రంధ్రాల దగ్గర చెమ్మ కనిపిస్తోంది. టిప్ లోపల ద్రవం చేరి పెదవికి తగులుతోంది. కొన్ని టిప్‌లు వదులుగా ఊడిపోతుంటే, అదే డ్రాయింగ్‌తో వచ్చిన మరికొన్ని బలంగా లాగినా రావడం లేదు.

నైట్రైల్ తీసేసి అన్నిటికీ సిలికోన్ రింగులు వేస్తే సరిపోతుందా?

కొలతలబద్ద

రింగులు మార్చేముందు కారేది ఏమిటో తేల్చండి. మూడు వేర్వేరు జబ్బులకు ఒకే మందు వేయబోతున్నారు.

మౌత్‌పీస్‌లో చేరేది చాలాసార్లు కారిన ద్రవం కాదు. ఆవిరి చల్లని గోడకు తగిలి చుక్కకట్టినది. దాన్ని తెల్ల టిష్యూ మీద అద్ది చూడండి. రంగు పలచగా, వేళ్ల మధ్య నీళ్లలా ఉంటే అది చుక్కకట్టినది. సీసాలోని ద్రవం రంగులోనే, జిగటగా ఉంటే ద్రవాన్ని వేడిచేసే తీగచుట్ట, అంటే కాయిల్, మునిగి పైకి చిమ్ముతోంది. అనుమానంగా ఉంటే నికోటిన్ లేని ద్రవంలో అతినీలలోహిత దీపం కింద మెరిసే రంగు కొద్దిగా కలిపి నింపండి. ఆ రంగు ఆవిరితో పెద్దగా పోదు కాబట్టి, టిప్‌లో బాగా మెరిస్తే ద్రవమే నేరుగా వస్తున్నట్టు. రంగు వేసిన నమూనాను ఎవరూ నోట పెట్టకూడదు, పంపుతోనే లాగించాలి.

కింద చెమ్మకు తూకం నమ్మండి. ఒక మిల్లీగ్రామును చూపే త్రాసు కావాలి. నింపాక బయటంతా తుడిచి తూచి, నిలువుగా, అడ్డంగా, తలకిందులుగా 24 గంటల చొప్పున ఉంచి మళ్లీ తుడిచి తూచండి. తలకిందులుగా ఉంచినప్పుడు మాత్రమే బరువు తగ్గితే గాజు పై వాషరో, చిమ్నీ రింగో. నిలువుగా ఉంచినప్పుడే తగ్గితే చూడాల్సింది కాయిల్‌కు ద్రవం అందించే కాటన్ వత్తిని. అయితే దాని వెనక కారణం మళ్లీ పైనే ఉండొచ్చు. అది ద్రవగతి గారు చెబితే బాగుంటుంది.

పరీక్షలన్నీ నికోటిన్ లేని ద్రవంతోనే చేయండి. నికోటిన్ చర్మంలోంచి లోపలికి పోతుంది. కారే ట్యాంకులను రోజంతా చేత్తో పట్టుకునే పని ఇది, తొడుగులు తప్పనిసరి.

ద్రవగతి

కొలతలబద్ద గారు అన్నది నిజం. ఈ రకం ట్యాంకులో కింద కారుతుంటే మొదట పైన చూడాలి.

నీళ్లలో ముంచిన గొట్టం పై కొసను వేలితో మూసి ఎత్తితే నీళ్లు కిందపడవు. వేలు తీస్తే పడతాయి. మీ ట్యాంకుకు ఆ వేలు ఏదంటే చిమ్నీ రింగు, గాజు పై వాషరు, మూత. వీటిలో ఎక్కడైనా గాలి పీలిస్తే లోపలి శూన్యం పోయి, ద్రవం వత్తి మీదుగా దిగి గాలి దారిలోంచి బయటికొస్తుంది. చూసేవాళ్లు కింది సీలు పాడైందనుకుని దాన్నే మారుస్తూ ఉంటారు.

ఇక్కడ పనిచేసే పీడనాలు చాలా చిన్నవి. మీ కొలతల ప్రకారం 2 మి.లీ. ద్రవం సుమారు 10 మి.మీ. ఎత్తు నిలుస్తుంది. చెరిసగం మిశ్రమం సాంద్రత 1.15 అనుకుంటే ఆ ఎత్తు ఇచ్చే పీడనం 113 పాస్కల్‌లు. కాటన్‌లో 50 మైక్రాన్ల వ్యాసార్థం ఉన్న సందు కేశనాళిక బలంతో సుమారు 1,800 పాస్కల్‌లను నిలబెడుతుంది. లెక్క ప్రకారం శూన్యం లేకపోయినా కాటన్ ఆపగలగాలి. మరి ఎందుకు ఆపదు? కాటన్ ఒక పక్క పలచబడి, కాయిల్ గొట్టానికీ దానికీ మధ్య 2 మి.మీ. వ్యాసం ఉన్న గుండ్రని సందు మిగిలితే అక్కడ నిలిచేది 90 పాస్కల్‌లే. 113 దాన్ని గెలుస్తుంది. రెండో కారణం ఇంకా ముఖ్యం. వత్తి బయటి ముఖం గాలికి తెరుచుకుని ఉన్నంతసేపే ఆ పట్టు ఉంటుంది. కింద ఒక్కసారి మడుగు కట్టి వత్తిని తాకిందంటే ద్రవానికి ద్రవం అంటుకుని పట్టు పోతుంది, ఇక ధారే. అందుకే ఒకసారి కారిన ట్యాంకు, కింద పూర్తిగా తుడిచేదాకా కారుతూనే ఉంటుంది.

వేడి సంగతి. శుద్ధ గ్లిజరిన్ స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర సుమారు 1,400 మిల్లీపాస్కల్-సెకన్లు, 40 డిగ్రీలకు అయిదో వంతుకు పడిపోతుంది. పైగా ట్యాంకు సగం ఖాళీ అయ్యాక లోపలి 1 మి.లీ. గాలి, చేతి వెచ్చదనానికి 10 డిగ్రీలు పెరిగితే 0.034 మి.లీ. వ్యాకోచిస్తుంది. అంటే సుమారు ఒక చుక్కను బయటికి తోస్తుంది. రాజమండ్రి రత్నం పెన్నుల్లాంటి, ఇంకు పిల్లర్‌తో నింపే పెన్నులు వాడినవాళ్లకు ఇది తెలుసు: సగం అయిపోయిన పెన్నును వేళ్ల మధ్య ఎక్కువసేపు పట్టుకుంటే పాళీ దగ్గర ఇంకు బొట్టు పడుతుంది. రెండిట్లోనూ జరిగేది ఒకటే.

విమానంలో ఇంకా ఎక్కువ. కేబిన్‌లో పీడనం 8,000 అడుగుల ఎత్తుకు సమానంగా, అంటే సుమారు 75 కిలోపాస్కల్‌ల దాకా తగ్గొచ్చు. అప్పుడు 1 మి.లీ. గాలి 1.35 మి.లీ. అవుతుంది, 0.35 మి.లీ. ద్రవం బయటికి రావాల్సిందే. ఏ రింగూ దీన్ని ఆపలేదు, ఎందుకంటే దారి వత్తిలోంచే ఉంది. ప్రయాణానికి ట్యాంకు పూర్తిగా నింపి గాని, పూర్తిగా ఖాళీ చేసి గాని తీసుకెళ్లమని కరపత్రంలో రాయడమే మార్గం.

గీతలపుస్తకం

అంటే టిప్ మీది రెండు రింగులు కింద కారడానికి కారణం కావా? ఇప్పటిదాకా వాటి చుట్టూనే తిరుగుతున్నాం.

సీలుమాస్టర్

కావు. మీ డ్రాయింగ్‌లో టిప్ రింగులకు ట్యాంకు లోపలితో సంబంధమే లేదు. చిమ్నీ లోపల ఆవిరి, బయట ద్రవం. టిప్ రింగు చేసే పనులు రెండే: టిప్ ఊడిపోకుండా పట్టుకోవడం, పక్కనుంచి గాలి పీల్చకుండా ఆపడం. అది వదులైతే దమ్ము పలచబడుతుందంతే. శూన్యాన్ని కాపాడేది చిమ్నీ రింగు. దానికీ టిప్‌కూ ఒకే రింగు, ఒకే గాడి వేయడం డ్రాయింగ్‌లోని మొదటి పొరపాటు.

రెండో పొరపాటు 1 మి.మీ. రింగు. కాగితం మీద బాగుంది: లోతు 0.78 కాబట్టి నొక్కుడు (రింగు మందంలో అణిగే భాగం) 22 శాతం, గాడి నిండేది 77 శాతం. కానీ తేడాలు కలిపి చూడండి. ఓ-రింగుల ప్రమాణం ఐఎస్‌ఓ 3601 ప్రకారం ఈ మందానికి అనుమతించే తేడా ప్లస్ ఆర్ మైనస్ 0.08 మి.మీ. గాడి వ్యాసార్థంలో 0.03, రంధ్రం వ్యాసార్థంలో 0.02 తేడా వదిలితే లోతు 0.73 నుంచి 0.83 దాకా ఊగుతుంది.

సన్న రింగు, లోతైన గాడి కలిస్తే: 0.92 రింగుకు 0.83 లోతు. నొక్కుడు 10 శాతం కూడా లేదు. చిమ్నీ కేంద్రం ఒక 0.05 పక్కకు జరిగితే ఆ వైపు మిగిలేది 4 శాతం. ఇది కారే ట్యాంకు.

లావు రింగు, లోతు తక్కువ గాడి కలిస్తే: 1.08 రింగుకు 0.73 లోతు, నొక్కుడు 32 శాతం. గాడి వెడల్పు 1.25కు తగ్గిందనుకుంటే రింగు గాడిని పూర్తిగా నింపేస్తుంది, ఒక్క శాతం ఖాళీ కూడా మిగలదు. రబ్బరును నొక్కితే ఆకారం మారుతుంది గాని పరిమాణం తగ్గదు. పోవడానికి చోటు లేనప్పుడు అది రాయిలా నిలబడుతుంది లేదా అంచుల్లోంచి చీలి బయటికొస్తుంది. మీ టిప్‌లు కొన్ని వదులు, కొన్ని రానంత బిగుతు అంటున్నారు కదా, ఆ రెండూ ఈ లెక్కలోనే ఉన్నాయి.

చిమ్నీకి 1.5 మి.మీ. రింగు వేయండి, లోతు 1.20. అవే తేడాలతో నొక్కుడు కనిష్ఠం 12, గరిష్ఠం 27 శాతం. గాడి వెడల్పు 2.0 కన్నా తగ్గకూడదు, ప్లస్ 0.1 మాత్రమే ఇవ్వండి. అప్పుడు గరిష్ఠ రింగు ద్రవంలో 10 శాతం ఉబ్బినా గాడి 94 శాతమే నిండుతుంది. రింగు లోపలి వ్యాసం గాడి అడుగు కన్నా 1 నుంచి 3 శాతం చిన్నదిగా ఉండాలి. అంతకన్నా సాగదీస్తే మందం తగ్గి, లెక్కేసిన నొక్కుడు రాదు.

డైమేకర్_బాలానగర్

మాస్టర్ గారూ, చిమ్నీ స్టీలు కాబట్టి సరే. అదే 1.5 రింగును టిప్ మీద వేస్తే కష్టం. 510 రంధ్రం సుమారు 8.5 మి.మీ. రెండు వైపులా 1.2 పోతే గాడి అడుగు వ్యాసం 6.1. లోపల 4 మి.మీ. రంధ్రం ఉంటే గోడ 1.05 మిగులుతుంది, పోయొచ్చు. రంధ్రం 5కు పెంచితే గోడ 0.55. గాడి దగ్గర పీఓఎం సరిగా నిండదు, చల్లబడేటప్పుడు వంకరపోతుంది, పడితే అక్కడే విరుగుతుంది.

ఇంకో మాట. 510 అనేది ఎవరూ రాసిపెట్టిన ప్రమాణం కాదు. పాత మోడల్ పేరు అలా నిలిచిపోయింది. ఒక్కో తయారీదారు కొలత ఒక్కోలా ఉంటుంది. వేరే కంపెనీ టిప్ కూడా పట్టాలంటే ఆ వదులును రింగే సర్దాలి.

సీలుమాస్టర్

గోడ సంగతి ఒప్పుకుంటాను. టిప్‌కు నా సలహా వేరే: రింగును టిప్ మీంచి తీసేసి మూతలోపలి గాడిలో పెట్టండి. టిప్ నున్నగా మిగులుతుంది. వాడేవాళ్లు టిప్ మార్చినా రింగు మూతలోనే ఉంటుంది. టిప్‌తో పాటు ఊడి వచ్చిన చిన్న రింగు నోట్లోకి పోయే ప్రమాదం తప్పుతుంది. ఇది అందం కోసం చెబుతున్నది కాదు, భద్రత సంగతి.

డైమేకర్_బాలానగర్

మంచి మాటే, కానీ అప్పుడు టిప్ బయటి ముఖమే సీలింగ్ ముఖం అవుతుంది. డై రెండు సగాలుగా తెరుచుకుంటే దాని మీద ఆ సగాలు కలిసిన గీత, పార్టింగ్ లైన్, నిలువునా వస్తుంది. అక్కడ 0.05 మి.మీ. ఫ్లాష్ (పొంగిన ప్లాస్టిక్ అంచు) ఉన్నా గాలి ఆ గీత పక్కనుంచే పోతుంది, టిప్ తిప్పిన ప్రతిసారీ రింగును గీరుతుంది. ఆ భాగం మొత్తం ఒకే వైపు క్యావిటీలో వచ్చేలా డై చేయించి, పార్టింగ్ లైన్‌ను మూత అంచు తగిలే మెట్టు దగ్గరికి జరపాలి. డైలోకి ప్లాస్టిక్ పోసే నోరు, అంటే గేటు, పెదవి తగిలే చోట పెట్టొద్దు, అక్కడ చిన్న మొన మిగిలినా పెదవి గీసుకుంటుంది. మెట్టు అడుగున పెట్టండి.

పెదవి తగిలే భాగానికి అంచు గుండ్రన కనీసం 0.5 మి.మీ. వ్యాసార్థం. బయట సన్న గరుకు ఉంటే పట్టు బాగుంటుంది. లోపలి రంధ్రం మాత్రం నున్నగా పాలిష్ చేయించండి, గరుకు మీద చుక్క పట్టుకుని జారదు.

ద్రవగతి

రంధ్రం విషయానికి వచ్చారు కాబట్టి తడి సంగతి కూడా చూద్దాం.

పరీక్షా యంత్రాలకు ఐఎస్‌ఓ 20768 పెట్టిన దమ్ము 55 మి.లీ., 3 సెకన్లు, 30 సెకన్లకొకటి. సెకనుకు 18 మి.లీ. అన్నమాట. 3 మి.మీ. రంధ్రంలో ఆ గాలి వేగం సెకనుకు 2.6 మీటర్లు, 4లో 1.5, 6లో 0.65. సన్న రంధ్రంలో వేగం ఎక్కువ కాబట్టి, వంపు గాని మెట్టు గాని అడ్డొచ్చిన చోట ఆవిరి బిందువులు తిరగలేక గోడకు కొట్టుకుంటాయి. మీ డ్రాయింగ్‌లో చిమ్నీ రంధ్రం 5, టిప్ రంధ్రం 4. మధ్యలో అర మిల్లీమీటరు మెట్టు చుట్టూతా ఉంది. తడి మొదలయ్యేది అక్కడే.

దీనికి తోడు, ఈ ద్రవం 3.7 మి.మీ. కన్నా సన్నని నిలువు గొట్టంలో అడ్డంగా బిరడాలా నిలబడగలదు. మీ 4 మి.మీ. ఆ గీతకు చాలా దగ్గర. ఒక పక్క గరుకు ఉన్నా, చుక్క పెద్దదైనా నిలబడిపోతుంది, తర్వాతి దమ్ముకు నేరుగా నాలుక మీదికి వస్తుంది.

మూడు మార్పులు చాలు. ఒకటి, టిప్ రంధ్రాన్ని పెదవి దగ్గర 4.6, చిమ్నీ దగ్గర 5.2 చేయండి. చుక్క కిందికే జారుతుంది, డైలో రంధ్రాన్ని చేసే కోర్ పిన్ను ఊడి రావడానికి ఆ వాలే పనికొస్తుంది. రెండు, కలిసే చోట చిమ్నీ కన్నా టిప్ రంధ్రం ఎప్పుడూ పెద్దదిగానే ఉండాలి, మెట్టు ఎదురు రాకూడదు. మూడు, టిప్ అడుగున చుట్టూ 1 మి.మీ. లోతు కాలువ ఒకటి వదలండి. జారిన చుక్కలు అందులో ఆగుతాయి, టిప్ తీసి తుడుచుకోవచ్చు.

టిప్‌లో జాలీ పెట్టమని కొందరు సలహా ఇస్తారు. చిమ్మే వేడి చుక్కల్ని అది ఆపుతుంది, నిజమే. కానీ దాని కళ్లలో ద్రవం పొరకట్టి గుడగుడమంటుంది, దమ్ము బరువెక్కుతుంది. చిమ్మడానికి అసలు కారణం కాయిల్ దగ్గర మడుగు. దాన్ని వదిలేసి జాలీ పెట్టడం నాకు నచ్చదు.

పాలిమర్_పద్మ

రబ్బరు ఎంపిక గురించి మొదటి ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

నైట్రైల్ తీసేయడం మంచిదే. నూనెలకు అది గట్టిది గాని, అందులో మెత్తదనానికి కలిపిన ప్లాస్టిసైజర్లను ఈ ద్రవాలు నెమ్మదిగా లాగేస్తాయి. రింగు కుంచించుకుపోయి గట్టిపడుతుంది. లాగేసినది ఎక్కడికి పోతుంది? పీల్చే ద్రవంలోకే. రుచి చెడడం తర్వాతి మాట, అసలు అది అందులో ఉండకూడదు.

సిలికోన్ మెత్తగా, చిన్న నొక్కుడుకే బాగా మూస్తుంది, వేడికి నిలుస్తుంది. లోపాలు కూడా ఉన్నాయి. పదును అంచు తగిలితే ఇట్టే చిరుగుతుంది, వాసనల్ని పీల్చుకుని తర్వాతి ద్రవానికి పాత రుచి అంటిస్తుంది. పెరాక్సైడ్‌తో గట్టిపరిచిన సిలికోన్ అయితే ఉప ఉత్పత్తులు మిగులుతాయి, 200 డిగ్రీల దగ్గర 4 గంటలు ఓవెన్‌లో ఉంచిందే తీసుకోవాలి. ప్లాటినం రకం అడగడం మేలు.

ఎఫ్‌కెఎం (ఫ్లోరిన్ రబ్బరు) ఖరీదైనది కాబట్టి అన్నిటికన్నా మంచిదని అనుకుంటారు. గ్లైకాల్‌కు మంచిదే. కానీ పళ్ల రుచులన్నీ చాలావరకు ఎస్టర్లు. ఎస్టర్లకూ కీటోన్లకూ అది లొంగిపోతుంది. పెరాక్సైడ్‌తో గట్టిపరిచిన ఈపీడీఎం రబ్బరు సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది: గ్లైకాల్, ఎస్టర్లు దానికి పర్వాలేదు, నిమ్మ నారింజ రుచుల్లోని లిమోనీన్‌కు ఉబ్బుతుంది.

నా ఓటు చిమ్నీకి ఈపీడీఎం, మిగతా చోట్ల సిలికోన్.

సీలుమాస్టర్

పద్మ గారూ, చిమ్నీకి ఈపీడీఎం మీద నాకు సందేహం. వాడేవాళ్లు ఏ రుచి పోస్తారో మన చేతిలో లేదు, నారింజ రుచి పోయరని చెప్పలేం. ఉబ్బిన రింగుతో మూత తెరవాలని తిప్పితే రింగు మెలితిరిగి గాడిలోంచి పొర్లుతుంది.

పాలిమర్_పద్మ

లిమోనీన్‌కు సిలికోన్ కూడా ఉబ్బుతుంది కదా. తేడా ఎంత అనేది పేర్లు చూసి చెప్పలేం, సమ్మేళనం బట్టి మారుతుంది. అందుకే నానబెట్టి చూడమంటాను. దాల్చినచెక్క, నారింజ, మెంథాల్ రుచులున్న మూడు ద్రవాలు తీసుకోండి. ఐఎస్‌ఓ 1817 పద్ధతిలో 40 డిగ్రీల దగ్గర 168 గంటలు. 24, 72, 168 గంటలకు తీసి తుడిచి, గాలిలోనూ నీళ్లలోనూ తూచి పరిమాణం మార్పు లెక్కగట్టండి. ఉబ్బుడు 10 శాతం దాటకూడదు, కుంచించుకోవడం అసలు ఉండకూడదు, గట్టిదనం 5 పాయింట్ల కన్నా మారకూడదు. మాస్టర్ గారి చిమ్నీ గాడి 10 శాతం ఉబ్బుకు లెక్కేసిందే కాబట్టి దానికి సరిపోతుంది. ఏది నెగ్గితే అదే వేద్దాం, నాకు పట్టుదల లేదు.

దీంతో పాటు ఐఎస్‌ఓ 815 కూడా చేయించండి. 25 శాతం నొక్కి 70 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచి వదిలాక ఎంత తిరిగి లేచిందో చూస్తారు. కుక్కర్ గ్యాస్కెట్ పాతబడితే చదునుగా మారి ఆవిరి పోతుంది చూడండి, అదే సంగతి. కొత్త రింగుతో పరీక్ష నెగ్గి మూడో నెలలో కారే ట్యాంకులు ఇక్కడే దొరికిపోతాయి.

ఇంకొకటి. ట్యాంకుకు ఏ భాగంలోనైనా పాలీకార్బనేట్ గాని యాక్రిలిక్ గాని ఉంటే తీసేయండి. దాల్చినచెక్క, నిమ్మజాతి రుచులకు అవి మరల దగ్గర, బిగింపు ఒత్తిడి ఉన్న చోట సన్నగా పగుళ్లు తీస్తాయి. సీలు ఎంత బాగున్నా పగులులోంచి గాలి పోతుంది. పీసీటీజీ అనే ప్లాస్టిక్ మెరుగు, అయినా వంచిన పట్టీ మీద ద్రవం రాసి చూసే ఐఎస్‌ఓ 22088-3 పరీక్ష చేయకుండా ఒప్పుకోవద్దు.

గీతలపుస్తకం

పద్మ గారూ, ధన్యవాదాలు. మూడు ద్రవాలతో నానబెడతాం. గాజు వాషర్ల మాటేమిటి? బిగించేవాళ్లను బట్టి ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది.

సీలుమాస్టర్

బిగింపు ఎంత ఉండాలో వాడేవాళ్ల మణికట్టుకు వదిలేశారు, అదీ తప్పు. మూత మర దిగుతూ ఒక చోట లోహానికి లోహం తగిలి ఆగాలి. ఆ ఆగే చోటే నొక్కుడును నిర్ణయించాలి. రెండు వాషర్లకూ కలిపి 0.50 మి.మీ. నొక్కుడు పెట్టండి. గాజు పొడవులో 0.15 తేడా ఉన్నా ఒక్కో వాషరుకు 17 నుంచి 33 శాతం మధ్య ఉంటుంది, చాలు. ఆగే మెట్టు లేకుంటే బలంగా బిగించినవాళ్లు వాషరును లోపలికి పిండేస్తారు, గాజు అంచు దగ్గర బీటలేస్తుంది.

మూత తిరిగేటప్పుడు వాషరును రుద్దుతూ తిరిగితే అది ముడతపడుతుంది. గాజును పట్టే కంకణం వేరు, తిరిగే మూత వేరుగా ఉంచండి. గాజు కోసిన అంచులను నిప్పుతో కరిగించి గుండ్రన చేయమని సరఫరాదారుకు డ్రాయింగ్‌లోనే రాయండి, చిప్ప ఊడిన అంచు వాషరుకు బ్లేడు.

కొలతలబద్ద

గాలి పరీక్ష వివరాలు. కాయిల్ స్థానంలో గట్టి డమ్మీ బిగించి, ట్యాంకు పొడిగా ఉండగానే చేయాలి. తడిసిన తర్వాత ద్రవమే చిన్న చిల్లుల్ని మూసేసి మోసం చేస్తుంది. లోపల 5 కిలోపాస్కల్‌ల శూన్యం పెట్టి, 10 సెకన్లు స్థిరపడనిచ్చి, తర్వాత 10 సెకన్లలో ఎంత పోయిందో చూడండి. 2 మి.లీ. పరిమాణంలో 10 సెకన్లకు 100 పాస్కల్‌లు పడిపోతే ఆ కారుడు సెకనుకు 20 పాస్కల్-ఘనసెంటీమీటర్లు. మొదటి హద్దుగా దాన్ని పెట్టుకుని, ద్రవంతో చేసిన తూకం పరీక్షతో పోల్చి సర్దుకోండి.

చేత్తో ముట్టుకోకండి. లోపలి గాలి 0.1 డిగ్రీ మారినా పీడనం సుమారు 33 పాస్కల్‌లు మారుతుంది. అప్పుడే పట్టుకుని పెట్టిన ముక్క బాగున్నా బాగాలేదనిపిస్తుంది, బాగాలేకపోయినా బాగున్నట్టు కనిపిస్తుంది.

ద్రవగతి

"నింపిన కాసేపటికే" అన్నారు మొదట్లో. ఆ మాట వదిలేయకూడదు. సీళ్లు అన్నీ బాగున్నా ఇది జరుగుతుంది. మూతలో కిందికి దిగే బిరడా లాంటి భాగం ఉందా?

గీతలపుస్తకం

ఉంది. 5 మి.మీ. వ్యాసం, సీలు తగిలాక 3 మి.మీ. దిగుతుంది.

ద్రవగతి

అదే పంపు. 5 మి.మీ. బిరడా 3 మి.మీ. దిగితే 0.059 మి.లీ. చోటు ఆక్రమిస్తుంది. ట్యాంకులో 0.2 మి.లీ. గాలి మాత్రమే మిగిలి ఉంటే పీడనం 42 కిలోపాస్కల్‌లు పెరగాలని చూస్తుంది. వత్తి ఆపగలిగేది 2 కిలోపాస్కల్‌ల లోపే. అంటే మూత మూసిన ప్రతిసారీ ఒకటిన్నర చుక్క ద్రవాన్ని కాయిల్ మీదికి మీరే కొడుతున్నారు. ఆ మడుగే కింద చెమ్మ, ఆ మడుగే మొదటి దమ్ములో చిమ్మేది.

బిరడా పక్కన 0.4 మి.మీ. వెడల్పు గాడి గీయండి, ఆఖరి అర మిల్లీమీటరు దాకా గాలి బయటికి పోయేలా. అప్పుడు తోసేది 0.01 మి.లీ. మాత్రమే. దాంతో పాటు గాజు మీద గరిష్ఠ గీత వేసి, పైన కొంచెం ఖాళీ వదలమని చూపండి. వాడే పద్ధతి కూడా కరపత్రంలో ఉండాలి: కింది గాలి రంధ్రాలను మూసే రింగు (గాలి రింగు) తిప్పి మూసి, నింపి, మూత బిగించి, ట్యాంకును తలకిందులు చేసి అప్పుడు గాలి రింగు తెరవాలి. మిగిలిన ఒత్తిడి ద్రవాన్ని కాకుండా గాలిని బయటికి తోస్తుంది.

లెస్టర్_తెలుగు

నింపే రంధ్రం దగ్గర చట్టం కూడా చూసుకోండి. ఐరోపా పొగాకు ఉత్పత్తుల ఆదేశం 2014/40లో ట్యాంకు 2 మి.లీ., సీసా 10 మి.లీ., నికోటిన్ మి.లీ.కు 20 మి.గ్రా. హద్దులు అందరికీ తెలుసు. బ్రిటన్ 2016 నిబంధనలు కూడా అవే హద్దులు పెట్టాయి. కారకుండా నింపే ఏర్పాటు గురించి 2016/586 నిర్ణయం ఉంది, అందులోని ఒక పద్ధతి ఇది: సీసా ముక్కు కనీసం 9 మి.మీ. పొడవు, ట్యాంకు రంధ్రం కన్నా సన్నం, అందులోకి దూరాలి. నిలువుగా పట్టుకుంటే 20 డిగ్రీల దగ్గర నిమిషానికి 20 చుక్కలకు మించి పడకూడదు. మీ నింపే రంధ్రం అడుగున 9 మి.మీ. లోపే ఏదైనా అడ్డు ఉంటే ముక్కు కొస దానికి గుచ్చుకుంటుంది. మెత్తని సిలికోన్ అయితే చిరుగుతుంది.

బ్రిటన్‌లో 2025 జూన్ 1 నుంచి ఒకసారి వాడి పారేసేవాటి అమ్మకం ఆగిపోయింది. అమ్మేది మళ్లీ నింపగలిగేదై ఉండాలి, కాయిల్ మార్చగలిగేదై ఉండాలి. కాబట్టి సీలు ఒక వారం కాదు, వందలసార్లు తెరిచి మూసినా నిలవాలి.

డైమేకర్_బాలానగర్

ఒక సందేహం. టిప్ ఒక్కటే, అదీ ఉత్త ప్లాస్టిక్ ముక్క. దాని డై, మొదటి వెయ్యి ముక్కలు ఇక్కడ బాలానగర్‌లో చేయించి బ్రిటన్‌కు పంపొచ్చా?

లెస్టర్_తెలుగు

వద్దండీ. 2019 నాటి భారత ఈ-సిగరెట్ల నిషేధ చట్టం అమ్మకానికే పరిమితం కాదు. తయారీ, ఎగుమతి, దిగుమతి, రవాణా, అన్నీ నిషేధం, పూర్తి వస్తువైనా దాని ఏ భాగమైనా సరే. మొదటిసారికి ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్లు, అయిదు లక్షల దాకా. "ఎగుమతికే కదా" అన్న వాదన నిలవదు. ఈ చర్చలోని లెక్కలు, రబ్బరు పరీక్షలు, డై జాగ్రత్తలు నెబ్యులైజర్ మౌత్‌పీస్‌కూ పనికొస్తాయి. అక్కడ ఔషధ పరికరాల అనుమతులు వేరే ఉంటాయి, ఆ దారిలో వెళ్లండి.

గీతలపుస్తకం

డ్రాయింగ్ మార్చాం. చిమ్నీకి 1.5 రింగు, లోతు 1.20, వెడల్పు 2.0. టిప్ రింగు మూతలోకి. టిప్ రంధ్రం 4.6 నుంచి 5.2. బిరడాకు గాలి గాడి. గాజుకు ఆగే మెట్టు. ఇంకేమైనా మిగిలిందా?

సీలుమాస్టర్

రెండు ఉన్నాయి. చిమ్నీ రింగు మూతలోకి దూరే దారిలో మర ఉంది, దాని మొదటి చుట్టు పదునుగా కనిపిస్తోంది. రింగు దాని మీదుగా పోతూ ప్రతిసారీ కోసుకుంటుంది. రంధ్రం నోటిని 20 డిగ్రీల వాలుతో చెక్కండి, వాలు పెద్ద వ్యాసం రింగు బయటి వ్యాసం కన్నా ఎక్కువ ఉండాలి. మరను రింగు దారిలోంచి బయటి వ్యాసానికి జరపండి. రింగు తగిలే ముఖం నునుపు 0.8 మైక్రాన్ల లోపు.

అమర్చేటప్పుడు రింగుకు వేజలీన్ గాని సిలికోన్ నూనె గాని రాయనివ్వొద్దు. సిలికోన్ రింగు సిలికోన్ నూనెకు ఉబ్బుతుంది. పైగా ఏ నూనె అయినా ఊపిరితిత్తుల్లోకి పోకూడనిదే. వీజీ ఒక్క చుక్క వేలితో రాస్తే చాలు.

కొలతలబద్ద

మార్చిన నమూనాలను మొదట పొడిగా గాలి పరీక్షకు, తర్వాత 5 నుంచి 45 డిగ్రీల మధ్య వేడి-చల్లదనం చుట్లకు, ఆపై మళ్లీ గాలి పరీక్షకు పంపండి. మధ్యలో మూత 200 సార్లు తెరిచి మూయండి. ముందూ తర్వాతా అంకెలు ఇక్కడ పెడితే, తేడా చిమ్నీదో వాషర్‌దో విడదీసి చెప్పొచ్చు. ఒక్కో సీలును విడిగా డమ్మీతో మూసి చూసిన అంకెలు కూడా పెట్టండి.